తేటపడ్డ వాగు

"సంచి కింద పెట్టవ్వా!"

చెన్నియప్పన్ తుమ్మపొద చాటునుంచి ఒక్క ఉరుకు ఉరికాడు. తిరుప్పూరు అద్దకాల మురుగును శుద్ధి చేసే ప్లాంటులో అతను ఆపరేటరు. ఆ నీళ్ళు వాగులో కలిసే తూము దగ్గర మూడు రోజులుగా ఎవరో రంగు కలుపుతున్నారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని తోటివాళ్ళందరినీ అనుమానించాడు. తీరా చూస్తే దొంగ దిగువ ఊరి కరుప్పాత్తాళ్. డెబ్బై ఏళ్ళ ముసలిది, ఖాళీ రంగు సంచిని తూము కింద జాడించి పిండుతోంది. వాగు ఎర్రబడిపోయింది.

చెన్నియప్పన్‌కు ఒళ్ళు మండింది. ఇనుపపొడి ఏ పాళ్ళలో వేస్తే రంగు విరుగుతుందో తేల్చుకోవడానికి అతనికి రెండేళ్ళు పట్టింది. ముప్ఫై ఏళ్ళకు వాగు తేటపడింది ఈ వేసవిలోనే.

"రేపు ఆఫీసర్లు వస్తున్నారు. నీళ్ళు ఇట్లా కనబడితే ప్లాంటుకు తాళం పడతాది. నా ఉద్యోగం గంగలో కలుస్తాది! నీకేం ద్రోహం చేశానవ్వా?"

"ఏం చెయ్యలేదు తంబీ." ఆమె పిండడం ఆపలేదు.

"మరి ఎవరు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. గోడౌనులో సంచులు ఉతికేదాన్ని. నాకు రంగుకు కొదవా?"

"పోలీసులను పిలుస్తా!"

"పిలువు. వదిలిపెట్టినాక మళ్ళీ వస్తా."

అతను సంచి లాగేసుకున్నాడు. ఆమె చేతులు మోచేతులదాకా ఎర్రబడి ఉన్నాయి. కాస్త జాలి కలిగింది గానీ కోపమే గెలిచింది.

"అక్కడ చూడు, తూములోంచి ఎంత తేటగా వస్తున్నాయో! మీ ఊరి కోసమే కదా ఈ అగచాట్లన్నీ?"

ఆమె తూము కింద దోసిలి పట్టి, ఆ నీళ్ళు అతని మూతి దగ్గరికి తెచ్చింది.

"అయితే ఒక గుక్క తాగు."

చెన్నియప్పన్ అడుగు వెనక్కి వేశాడు. "తాగేదానికి కాదవ్వా! ఇప్పటికి రంగు ఒకటే విరిగింది. లోపలి విషం పోవాలంటే ఇంకో తొట్టి కట్టాల. అది వచ్చే ఏడాది మాట."

"నీకు తెలుసు. ఏడేళ్ళ పిల్లకు ఎట్లా తెలుస్తాది?"

"ఏ పిల్లకు?"

కరుప్పాత్తాళ్ దోసిలి విడిచింది. అతని చేతిలోని సంచిని మెల్లగా తీసుకుని మళ్ళీ తూము కింద పెట్టింది.

"మొన్న ఆదివారం నా మనవరాలిని పూడ్చిపెట్టినాం తంబీ. ఎర్రగా పారినన్నాళ్ళూ మా ఊళ్ళో ఏ బిడ్డా ఈ నీళ్ళు ముట్టలేదు."