నాలుగో రుమాలు

మూడో రుమాలు కూడా రొసానా కాళ్ల ముందు నేలమీదే పడి ఉంది.

దాన్ని పడేసిన గొర్రెల కాపరి కాసేపు ఎదురుచూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి తనే వంగి తీసుకుని జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు. వరసలో నిలబడ్డ ఆడ ఖైదీలంతా కిసుక్కున నవ్వారు.

లండన్ నుంచీ ఐర్లండు నుంచీ ఖైదీలను ఓడల్లో తెచ్చి దింపే పరమట్టాలో, ఆడవాళ్ల జైలు మేడమీద పెళ్లిచూపులంటే అంతే. పెళ్లాం కావలసినవాడు వచ్చి వరస వెంట నడుస్తాడు. నచ్చినదాని ముందు రుమాలు పడేస్తాడు. ఆమె తీసుకుంటే ఆదివారం చర్చిలో పెళ్లి, మిగిలిన శిక్షంతా మొగుడింట్లో. తీసుకోకపోతే మళ్లీ జైల్లో రాట్నం, సూది పనే.

"మూడు!" సూపరింటెండెంటు కర్రతో నేలను టక్కుమనిపించాడు. "ముగ్గుర్ని కాదన్నావు. నువ్వేమన్నా మహారాణివనుకున్నావా? ఇంకొక్కసారి ఈ వేషాలేశావంటే తల గొరిగించి సున్నపు బట్టీలకు ఓడెక్కిస్తా."

"జుట్టుదేముంది దొరగారూ, మళ్లీ మొలుస్తుంది," అంది రొసానా.

పక్కనున్న జూడిత్ ఆమె చెయ్యి గిల్లింది. జూడిత్ లండన్ మనిషి, మొదటి ఓడల్లో వచ్చింది. ఈ ఊళ్లో ఇటుకమీద ఇటుక పడకముందు నుంచీ ఉంది. సున్నపు బట్టీలకు వెళ్లి కళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లను చూసింది. అసలు రానివాళ్లే ఎక్కువ. తనముందు రుమాలు పడే వయసు ఎలాగూ దాటిపోయింది, కనీసం ఈ పిల్లన్నా బయటపడాలని ఆమె ఆశ.

"పిచ్చిగాని పట్టిందా నీకు?" ఆ మధ్యాహ్నం జూడిత్, సిపాయిల కోసం కుట్టిన చొక్కా అంచు విప్పుతూ తిట్టింది. "ఆ కాపరికేం లోటే? రెండు కాళ్లూ ఉన్నాయి, పళ్లు కూడా సగం ఉన్నాయి!"

"పళ్లు చూసి కొనడానికి గుర్రమా అక్కా?"

జూడిత్ విప్పుతున్న కుట్లు రొసానావే. ఎడమచేతివాటం మనిషి, కుట్లన్నీ వెనక్కి వాలిపోతాయి. దొర కంటపడితే ఆ పూట రొట్టె ఉండదు. అందుకే జూడిత్ రోజూ వాటిని విప్పి మళ్లీ కుట్టేది.

"నవ్వు, నవ్వు. ఓడ దిగుతూనే 'నాకు పెళ్లి కాలేదు' అని గుమాస్తాకు అరిచి మరీ చెప్పావుగా, మరి చేసుకోవేం? దొంగతనం కూడా చేతకాని మొహమూ నువ్వూ! నాలుగు గజాల గుడ్డ చంకన పెట్టుకుని, కావలివాడు వచ్చేదాకా కొట్టు గుమ్మంలోనే నిలబడ్డావంటగా?"

"కాళ్లు నొప్పెట్టాయక్కా. పరుగెత్తలేకపోయా."

అంతలో తోటి ఖైదీ మోరా ఏడుస్తూ మెట్లెక్కి వచ్చింది. ఆమె మొగుడు దొరలమీద లేచిన ఐర్లండు పితూరీలో పట్టుబడి ఇక్కడికి వచ్చినవాడు, పది మైళ్ల దూరంలోనే ఉన్నాడు. తనను ఆయన దగ్గరికి పంపమని అర్జీ పెట్టుకుంటే సూపరింటెండెంటు చింపి మొహాన కొట్టాడు. "పితూరీదారూ వాడి పెళ్లామూ ఒకే కప్పు కిందా? మళ్లీ పితూరీ లేపడానికా?" అన్నాడట. ఆ మహానుభావుడి సొంత చట్టమది. ఓడ దిగకముందే ఆ సంగతి అందరి చెవినా పడుతుంది. మర్నాడే మోరాను ఇంకా దూరపు ఊరికి తోలేశాడు.

రొసానా పళ్లు పటపట కొరికింది. 

పదిహేను రోజులకు నాలుగోవాడు వచ్చాడు. పేరు కార్మక్. ఒళ్లంతా దుమ్ము, ఒక కాలు కుంటి.

"నువ్వూ పితూరీవాడివేగా?" అన్నాడు సూపరింటెండెంటు.

"క్షమాభిక్ష వచ్చింది దొరగారూ. ముప్పై ఎకరాలిచ్చారు. ఇల్లాలు లేదు."

"ఊఁ. ఏ దొంగపిల్లనో కట్టుకో. పితూరీ బుద్ధి దానంతటదే వదుల్తుంది."

కార్మక్ కుంటుకుంటూ వరసంతా చూసి రొసానా ముందు ఆగాడు. ఆమె అతని మొహంకేసి ఒక్కసారి చూసి తల తిప్పేసుకుంది. వెనకటి ముగ్గురికీ దక్కింది ఆ ఒక్క చూపే. జూడిత్ ఆశ వదిలేసుకుంది.

"పాలు పితకడం వచ్చా?" అన్నాడు కార్మక్.

"ఆవుందా?"

"మేకుంది."

"మేకకు నువ్వు తోడున్నావుగా, మధ్యలో నేనెందుకు?"

వరసంతా గొల్లుమంది.

"నోరు జాస్తే!"

"చెవులు మూసుకో. అయినా ఇంత ఆలస్యంగానా రావడం?"

"ఇన్నాళ్లూ కాలికి సంకెళ్లు. విప్పగానే బయల్దేరా."

"నడిచొచ్చావా, పాకుతూ వచ్చావా?"

అతను జేబు తడుముకున్నాడు. రుమాలు తీసి ఆమె కాళ్ల ముందు పడేశాడు.

ఆమె వంగకపోయేసరికి సూపరింటెండెంటు వెనక్కి తిరిగి కత్తెర తెమ్మని కేక వేశాడు.

"నీ కాళ్లు పట్టుకుంటానే, తియ్యవే తల్లీ," అంది జూడిత్.

రొసానా రుమాలు వైపు చూడనైనా లేదు. దొరకేసి తిరిగి నడుంమీద చేతులు పెట్టుకుంది.

"ఇతన్ని చేసుకుంటే, రేపు ఎవరేం చెప్పినా మీరు మమ్మల్ని విడదీయకూడదు. కాగితంమీద రాసిస్తారా?"

"ముద్ర కూడా గుద్దిస్తా! నీ పీడ విరగడైతే చాలు."

రాయించాడు, ముద్ర గుద్దాడు. కాగితం కార్మక్ చేతికి చేరాకే రొసానా వంగి ఎడమచేత్తో రుమాలు తీసుకుంది.

"చూశారా, నేనంటే భయమంటే ఇదీ!" సూపరింటెండెంటు మీసం దువ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు.

జూడిత్ ఏడుస్తూ రొసానాను కావలించుకుంది. రుమాలు జూడిత్ చేతికి తగిలింది. ఉతికి ఉతికి వెలిసిపోయిన పాతగుడ్డ. అలవాటు కొద్దీ అంచు చూసింది. కుట్లన్నీ వెనక్కి వాలి ఉన్నాయి. జూడిత్ తలెత్తి రొసానా మొహంలోకి చూసింది.

రొసానా ఆమె చెవి దగ్గరికి వంగింది.

"మా పెళ్లయి ఏడేళ్లయిందక్కా."