పాప ఇల్లు చేరే ఆట

కుప్పం పోయే బస్సు పుంగనూరులో ఆగేసరికి, కొరుక్కుందామన్నా భవ్యకు గోళ్ళు మిగల్లేదు.

"పెద్దదా, చిన్నదా? ఏదో ఒకటి చెప్పు ప్రవీణ్!"

"నన్నడగొద్దు. పొద్దున్నుంచీ ఇదే అడగతాండావు."

ఇద్దరూ మదనపల్లె వాళ్ళు. ఉన్న ఉద్యోగాలు మానేసి, ఎనిమిది నెలలుగా ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నారు. రాగిచేను దగ్గర ఒక పాప ఉంటుంది. అడవిలోంచి ఏనుగు వస్తుంది. ఎక్కడ ఆగాలో, ఎటు తప్పుకోవాలో తెలుసుకుని పాప ఇల్లు చేరాలి. అంతే ఆట.

ఏనుగులొస్తే ఏం చేయాలో పిల్లలకు నేర్పే ఆట కావాలని కుప్పంలో ఒక రైతుసంఘం పోటీ పెట్టింది. మధ్యాహ్నం మూడింటికి చూపించాలి. నచ్చితే ఆట పూర్తయ్యేదాకా ఇద్దరికీ జీతం. నచ్చకపోతే ఇళ్ళల్లో తిట్లు ఎలాగూ సిద్ధంగా ఉన్నాయి.

చిక్కంతా ఇంజన్ దగ్గర వచ్చింది. ఆటను కట్టే సాఫ్ట్‌వేర్‌ను ఇంజన్ అంటారు. ఏది మంచిదో తేలక, వీళ్ళు ఒకే ఆటను రెండు ఇంజన్లలో చేసి కూర్చున్నారు. పెద్ద ఇంజన్లో చేసింది సినిమాలా ఉంటుంది, ఏనుగు చెవులు కూడా ఊగుతాయి. కానీ ఖరీదైన ఫోన్ ఉండాలి. చిన్న ఇంజన్లో చేసింది ఎంత పాత ఫోన్లోనైనా ఆడుతుంది. ఏనుగు మాత్రం బడిపిల్లలు గీసినట్టుంటుంది. చూపించేది ఒక్కటే. తర్వాత మార్చడానికి వీల్లేదు.

పుంగనూరులో ఎక్కిన పెద్దాయన ప్రవీణ్ పక్కన కూర్చున్నాడు. ఇస్త్రీ మడత పోని తెల్లచొక్కా, భుజాన కొత్త తువ్వాలు. కుప్పానికి టికెట్టు తీసుకున్నాడు.

"యాల పాపా, అంత కొట్లాడతాండారు?"

"ఆట చేసినామప్పా. ఏనుగుల ఆట."

"ఏనుగులతో ఆటేందమ్మా?"

అడగడమే ఆలస్యం, భవ్య మొదలుపెట్టింది. కంగారుపడితే ఆమె నోరు ఆగదు. ఆయన మాత్రం చెయ్యి గడ్డం కింద పెట్టుకుని మొత్తం విన్నాడు.

"పాప ఇల్లు చేరతాదా?"

"సరిగ్గా ఆడితే చేరతాదప్పా."

"నేను ఆడొచ్చునా?"

జేబులోంచి ఫోన్ తీశాడు. అద్దం మూలన పగిలి ఉంది. భవ్య తన ఫోన్లోంచి దానికి పెద్దదాన్నే ఎక్కించింది. ఎక్కడానికే అరగంట పట్టింది.

ఆయన బొటనవేలితో పాపను మెల్లగా నడిపించాడు. గట్టు దాటించాడు.

"ఆ పక్కకు పోవద్దు తల్లీ, ఈడికి రా," అన్నాడు బొమ్మతో.

ప్రవీణ్ నవ్వు ఆపుకున్నాడు.

చెట్ల సందులోంచి ఏనుగు వచ్చింది. అంతే, ఆట ఆగిపోయింది. పాప, ఏనుగు ఎదురెదురుగా నిలబడిపోయారు. ఆయన అద్దం మీద తట్టాడు, గీకాడు. ఫోన్ పెనంలా కాలిపోతోంది.

"ఏమాయెమ్మా? పాప కదల్లేదే!"

"మీ ఫోన్ సాలదప్పా."

"మా పక్క పల్లెల్లో అందరివీ ఇట్లాంటివేనమ్మా. దీంట్లో ఆడేది ఇంకోటేమన్నా ఉండాదా? ఒక్కసారి పాపను ఇల్లు చేర్చేస్తాను."

ఉంది. భవ్య ఫోన్లోనే ఉంది. ఎక్కించడానికి రెండు నిమిషాలు చాలు.

"లేదప్పా," అంది భవ్య.

ప్రవీణ్ మోచేత్తో పొడిచాడు. "ఉండాది కదే!"

"నోరు మూసుకో," అంది భవ్య వాడి చెవిలో. "ఆ బొమ్మలు సూసి ఆయన నవ్వితే నాకు ఉన్న ధైర్యం కూడా పోతాది."

ఆయన ఆగిపోయిన ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. పలమనేరు బస్టాండులో బస్సు ఆగగానే లేచాడు.

"ఏమప్పా, కుప్పానికి కదా టికెట్టు తీసుకుంటివి? ఈడ దిగతాండావే?" అన్నాడు కండక్టరు.

"ఇంక పోలేనప్పా," అని దిగిపోయాడు.

బస్సు కదిలింది.

"ఆయన చెప్పింది నిజమే కదా భవ్యా. చిన్నదే చూపిద్దాం."

"ఒక్క పగిలిన ఫోన్ కోసం ఎనిమిది నెలల పని దాచిపెడదామా? పెద్దదే!"

అనేసింది గానీ, కుప్పం చేరేదాకా ఫోన్లో చిన్నదాన్ని తెరుస్తూ మూస్తూనే ఉంది.

మూడింటికి సంఘం హాల్లో పెద్ద టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి ఆడి చూపించారు. ఏనుగు చెవులు ఊగాయి. పాప ఇల్లు చేరింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి వీళ్ళదే!

వేదిక మీద మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. సంఘం పెద్ద కృష్ణప్ప దాన్ని పక్కకు జరిపి, తానే బహుమతి ఇచ్చాడు.

"ఎవరన్నా రావల్సింది ఉండె కదా సార్?" అనడిగింది భవ్య.

"దాసప్పని ఒకాయనమ్మా. ఆయన చేతనే ఇప్పిద్దామనుకుంటిమి. రామకుప్పం మనిషే. ఊరు ఇడిసిపెట్టి ఇప్పుడు చౌడేపల్లెలో ఉండాడు. పుంగనూరులో బస్సెక్కినానని ఫోన్ చేసినాడు. మళ్ళా పలమనేరు నుంచి చేసి, నావల్ల కాదప్పా అని ఒకటే ఏడుపు."

భవ్య చేతిలో బహుమతి పట్టు తప్పింది. ప్రవీణ్ పట్టుకున్నాడు.

"యాల సార్? ఆయనెవురు?"

కృష్ణప్ప గొంతు తగ్గించాడు.

"ఈ పోటీ పెట్టమని ఏడాదిగా మా ఎంటబడింది ఆయనేనమ్మా. రెండేండ్ల కింద రాగిచేను కాడ ఏనుగు తొక్కి గీత అనే పాప సచ్చిపాయె కదా, ఆ పాప నాయన."