ఒక మెట్టు కిందికి

"నాలుగు శ్రుతా? నాకా?"

కనుబొమ సగం దిద్ది, రంగు కుంచె చేత్తో అలాగే పట్టుకుని ఆదెయ్య ఇటు తిరిగాడు. "మాస్టారూ, అయిదులో పాడినంత కాలమే నేను ఆదెయ్యని. నాలుక్కి దిగిన రోజున ఈ రంగు కడుక్కుని మిరపచేనుకి పోతా. అయిదే పట్టండి."

"అది కాదండీ. మొన్న పొదిల్లో పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు జీరపోయింది కదా..." గురునాథం నసిగాడు.

"పోతే నా గొంతు పోతుంది. మధ్యలో మీకేంటి?"

గురునాథానికి ఒళ్ళు మండింది. నాటకానికి వాయించేది తను. ఇవాళ రాజు వేషం పండితేనే ఆదెయ్యని ఒంగోలు పోటీలకి తీసుకెళ్తానని, లేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటానని నాటకం కాంట్రాక్టరు వీరబాబు మొహం మీదే చెప్పాడు. అయినా ఈ పెద్దమనిషికి బెట్టు తగ్గలేదు. సరే కానీ అనుకుంటూ గురునాథం బయటికొచ్చాడు.

సత్తెనపల్లి అవతల కోల్డ్ స్టోరేజీ ముందు స్టేజీ కట్టారు. పొద్దుగూకుతోంది. గాల్లో మిరప ఘాటుకి ముందు వరసల వాళ్ళు తుమ్ముతూనే చోటు కోసం తోసుకుంటున్నారు. స్టేజీ కిందే, నటులకి ఎదురుగా, గురునాథం కొత్త ఆర్గాన్ ఉంది. హార్మోనియం అటకెక్కించి చెన్నై నుంచి తెప్పించుకున్నాడు. పాతకాలం ఆర్గాన్లలో ఇనప చక్రాలు తిరిగితే నాదం పుట్టేదట. ఇది డిజిటల్. చక్రాలూ లేవు, తిరగడమూ లేదు, ఆ నాదాన్ని చిప్పే పలికిస్తుంది. పైన వరసగా డ్రాబార్లు. ఒక్కోటి బయటికి లాగేకొద్దీ ఒక్కో రకం నాదం వచ్చి కలుస్తుంది. కీచుమనే చివరి బార్లని లోపలికి నెట్టాడు. మధ్యవి రెండు పూర్తిగా లాగాడు. నాదాన్ని వణికించే స్విచ్చి ఆపేశాడు. ఇంచుమించు హార్మోనియమే.

ఆ పక్కనే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది. అది నొక్కితే వేళ్ళ కింద మెట్లు అవే ఉంటాయి, పలికే శ్రుతి మారిపోతుంది. హార్మోనియంలో ఈ దొంగతనం కుదరదు. గురునాథం అటూ ఇటూ చూసి, గుట్టుగా ఒక మెట్టు కిందికి దించాడు. ఇక అయిదు నొక్కితే నాలుగు పలుకుతుంది. చెవిన పడ్డ శ్రుతికి గొంతు దానంతటదే సర్దుకుంటుంది. అయిదులో ఇరగదీశానని రేపు ఊరంతా చెప్పుకుంటాడు, చెప్పుకోనీ పాపం అనుకున్నాడు. అడక్కుండానే మేలు చేస్తున్నానని కాస్త మురిసిపోయాడు కూడా.

తెర లేచింది. కిరీటం పెట్టుకుని ఆదెయ్య వచ్చి నిలబడ్డాడు. ఈలలు మోగాయి. గురునాథం అయిదు మెట్టు మీద వేలు పెట్టాడు. ఆర్గాన్ నాలుగు పలికింది. ఆదెయ్య గొంతెత్తాడు.

అయిదులో!

గురునాథం ఆ మెట్టునే ఇంకాస్త గట్టిగా నొక్కాడు. రెండో పాదానికి సర్దుకుంటాడులే అని చూశాడు. ఆదెయ్య సర్దుకోలేదు. పెట్టె ఒక దారి, పద్యం ఒక దారి. గొంతులో జీర మాత్రం మచ్చుకైనా లేదు, ఖణేల్మంటోంది. ఆ ఖణేల్మనడమే కొంప ముంచింది. తప్పు చివరి వరస దాకా వినపడింది.

"శ్రుతి తప్పింది!" అని ఎవరో అరిచారు. ఇక్కడి జనం పద్యంలో తప్పు దొరికితే సొంత బావమరిదినైనా వదలరు. "ముసలాడి పనైపోయింది, దించండిరా!"

బటన్ మళ్ళీ నొక్కితే చాలు. గురునాథం వేలు దాని దాకా వెళ్ళింది. కానీ పద్యం మధ్యలో శ్రుతి పైకి లేస్తే తప్పు ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. వీరబాబు ఇటే చూస్తున్నాడు. వేలు వెనక్కొచ్చేసింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. జనం వైపు తిరిగి తల అడ్డంగా ఊపి, అరచెయ్యి ఆదెయ్య వైపు చూపించాడు గురునాథం. నాదేం లేదు, అంతా ఆయనదే అన్నట్టు.

జనం గొల్లున నవ్వారు. ఆదెయ్య పద్యం సగంలో ఆపి, ఏం జరిగిందో తెలియనట్టు ఆ మొహాలన్నీ చూస్తూ నిలబడిపోయాడు. వీరబాబు తెర దింపించాడు.

"ఇక చాలండీ ఆదెయ్యగారూ. రాజు వేషం ఇంకొకరు కడతారు. ఒంగోలుకి కూడా మీరు రావద్దు." వీరబాబు మొహం మీదే చెప్పేసి వెళ్ళిపోయాడు.

గురునాథానికి తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఎవరో తన చొక్కా విప్పి నలుగురిలో నిలబెట్టినట్టుంది. ఆదెయ్య కిరీటం తీసి ట్రంకు పెట్టెలో పెడుతున్నాడు. గురునాథం దగ్గరికెళ్ళి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఆదెయ్యగారూ, మీకొకటి చెప్పాలండీ..."

"మీరేం చెప్పొద్దు మాస్టారూ. నన్ను క్షమించండి. నావల్ల మీ కొత్త పెట్టె మొదటిరోజే నవ్వులపాలైంది."

"అయ్యో, మీరు నన్ను క్షమించమనడమేంటండీ! అసలు తప్పు..."

"తప్పు నాదే. ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నా." ఆదెయ్య గొంతు తగ్గించాడు. "ఇలా దగ్గరికొచ్చి మాట్లాడితే తప్ప ఏడాదిగా నాకు వినపడట్లేదు. స్టేజీ ఎక్కితే పెట్టె మోత అసలే తెలీదు. మీ వేలు ఏ మెట్టు మీదుందో చూసుకుని, ఆ శ్రుతి గొంతులో పట్టుకుని నెట్టుకొస్తున్నా. ఇవాళ్టితో కళ్ళు కూడా పోయినట్టున్నాయి మాస్టారూ!"