ఎలుకలు దగ్గవు

"అమ్మాయ్, ఎలుకలకి దగ్గొస్తుందా?"

ల్యాబు తాళం తీస్తున్న పరిశోధకురాలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

వరండా బెంచీ మీద ఎవరో ముసలాయన. మనిషంతా ఎముకలే, ఛాతీ మాత్రం పీపాలా ఉబ్బి ఉంది. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి కూడగట్టుకుంటున్నాడు.

"రాదు. ఎలుకలు దగ్గవు. ఇంతకీ మీరెవరు?"

"పాపం. మాకు దగ్గయినా ఉంది," అన్నాడాయన, అసలు ప్రశ్న వినబడనట్టు. "ఆ పొగపెట్టె ఒక్కసారి చూడొచ్చా?"

పొగపెట్టె మాట బయటివాళ్ల నోట వినేసరికి ఆమె తాళం మళ్లీ బిగించేసింది.

ఎలుకల్ని గాజుపెట్టెలో ఉంచి, యంత్రంతో సిగరెట్టు పొగ పంపడం ఆమె పని. కొన్నాళ్లకి వాటి ఊపిరితిత్తులు వాస్తాయి. ఇంకొన్ని నెలలకి లోపలి సన్నటి గోడలు తెగి, చిన్న చిన్న గాలిగదులన్నీ కలిసి పెద్ద బొక్కలైపోతాయి. ఎందుకలా అవుతుందో తేలితే మనుషులకి మందు దొరకొచ్చు. కానీ అంత ఓపిగ్గా వినేదెవరు? పక్క విభాగానికి ఇలాగే ఒక పెద్దమనిషి చూస్తానని వచ్చాడు. ఫొటోలు తీసి, జంతుహింస అని గోల చేసి, ఏకంగా ల్యాబే మూయించాడు.

"కుదరదండీ. బయటివాళ్ల రోగాలు వాటికి అంటుకుంటాయి."

"పోనీ, అద్దంలోంచి..."

"ఇదేం జూ కాదు తాతగారూ."

ఆయన నవ్వబోయాడు గానీ ఆయాసం అడ్డొచ్చింది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. జిడ్డులా పట్టుకున్నాడు.

అసలే ఆమె తల వేడెక్కి ఉంది. ఎలుకల పని అయిపోయింది. వాటి పక్కన పెట్టి చూడటానికి సిగరెట్లు తాగి పాడైన మనిషి ఊపిరితిత్తి ఒకటి కావాలి. అది లేనిదే థీసిస్ ముట్టుకోనని గైడు భీష్మించుక్కూర్చున్నాడు. అడిగిన ప్రతి ఇంటివాళ్లూ "పోయినవాళ్లనైనా వదలరా" అని తిట్టి పంపారు. గడువు ముంచుకొస్తోంది. ముందుకు పోయే దారి లేదు, ఇన్నేళ్ల పని వదిలేసి వెనక్కీ పోలేదు. ఎవరు పోతారా అని ఎదురుచూడటమే తన బతుకైపోయిందని తలుచుకుంటే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసేది.

"ఎందుకు తాతగారూ నన్నిలా కాల్చుకు తింటారు?"

"వాటి అవస్థ నాకు తెలుసమ్మా. ఊపిరి లోపలికి పోతుంది, బయటికి రానంటుంది. ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెవాడిలా తిష్ఠ వేస్తుంది. తోటివాళ్లని ఓసారి చూద్దామని, అంతే."

"ఇవన్నీ ఎవరు నేర్పి పంపారు మిమ్మల్ని?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చెప్పకూడదన్నారు."

దాంతో ఆమె అనుమానం రూఢి అయింది. సెక్యూరిటీని పిలిచింది.

"నడవండి పెద్దాయనా," అంటూ సెక్యూరిటీ ఆయన జబ్బ పట్టుకున్నాడు.

నాలుగడుగులకోసారి గోడకి ఆనుకుంటూ, ఆయన గేటు దాటేసరికి చాలాసేపు పట్టింది. ఆమె చూడలేక తలుపేసుకుంది.

మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకుంది.

కొన్ని వారాలకి ఆస్పత్రి నర్సు ఊపిరితిత్తి ఉన్న ఐసుపెట్టె ఒకటి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది.

పెట్టె మీద పేరు లేదు. అక్కడి పద్ధతి అది. ఇచ్చేవాళ్లు తామెవరో చెప్పుకోకూడదు, తీసుకునేవాళ్లు అడగకూడదు.

ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఎంత మంచి ఇంటివాళ్లో సిస్టర్. నా తరఫున దండం పెట్టానని చెప్పండి."

"ఇంటివాళ్లెవరూ లేరమ్మా. నా తర్వాత తీసుకోండని ఆయనే బతికుండగా సంతకం పెట్టిపోయాడు."

"అడగ్గానే ఒప్పుకున్నాడా?"

నర్సు గొంతు తగ్గించింది.

"చెప్పకూడదు గానీ, భలే మనిషిలే. నేను నోరుజారి మీ ల్యాబు పేరూ, పొగపెట్టె సంగతీ చెప్పాను. ఇక చూసుకోండి, తన ఊపిరితిత్తుల్ని ఏ ఎలుకల పక్కన పెడతారో చూశాకే సంతకమని, ఆ ఆయాసంతోనే రోజూ వచ్చి మీ వరండాలో కూర్చునేవాడట. చివరికి ఒకరోజు రొప్పుతూ వచ్చి, 'ఆ పిల్ల దగ్గరుండి అన్నీ చూపించింది, కలం ఇటివ్వు' అన్నాడు."