నాలుగో స్టూలు

"వీపు తిప్పి కూర్చున్నవాడి ముఖం కావాలి," అన్నాడు హొరేస్, గొంతు బాగా తగ్గించి.

లైబ్రరీలో బల్ల వెనక కూర్చున్న వెర్నెల్ ఏ ఫోటో అని అడగలేదు. పైన్‌ఫర్డ్‌లో నల్లవాళ్ళ ప్రతి ఇంట్లోనూ గోడకి వేలాడే ఫోటో అది. యాభై ఏళ్ళ కిందట, తెల్లవాళ్ళకి తప్ప ఎవరికీ వడ్డించని దుకాణం కౌంటర్ దగ్గర నలుగురు నల్ల కుర్రాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. ముగ్గురి ముఖాలు పత్రికలో పడ్డాయి. నాలుగో స్టూలు మీదివాడు మాత్రం కెమెరాకి వీపు తిప్పేశాడు. ఆ వీపు చర్చి పెద్ద, డీకన్ హొరేస్‌దని ఊళ్ళో చంటిపిల్లలక్కూడా తెలుసు. మిగతా ముగ్గురూ పోయారు. ఆదివారం మేయరు వచ్చి నలుగురి పేర్లతో ఇత్తడి ఫలకం పెడతాడు. ఆ తర్వాత చర్చిలో వేయించిన కోడి, చిలగడదుంప తీపి రొట్టెతో విందు.

"మీ ముఖం కోసం లైబ్రరీ దాకా ఎందుకు డీకన్ గారూ, ఇంట్లో అద్దం పగిలిందా?" అంది వెర్నెల్.

హొరేస్ నవ్వలేదు. "పత్రికవాళ్ళ పాత ఫోటోలు, అచ్చు వెయ్యనివి కూడా కంప్యూటర్లోకి ఎక్కించారటగా. ఎవరైనా చూడొచ్చట."

"అమెరికా చరిత్ర, సంస్కృతి డేటాబేసులో ఉన్నాయి. లైబ్రరీ కార్డుంటే చాలు."

"ఈ ఊళ్ళో కార్డు లేనిదెవరికి! ఎవరో చూసేలోగా నేను చూడాలి. వెతుకు తల్లీ."

వెర్నెల్ 'లంచ్ కౌంటర్' అని కొట్టింది. దేశంలోని కౌంటర్లన్నీ వచ్చి పడ్డాయి. రాష్ట్రం, ఊరు, సంవత్సరం ఒక్కొక్కటే చేర్చి వడపోసింది. ఏం కావాలో అడగడం వరకే లైబ్రరీవాళ్ళ పని, ఎందుకని అడక్కూడదు. ఆమె అడగలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటారు గానీ, ఎవరూ ఏమీ అనకపోయినా తడుముకునేవాడు హొరేస్.

"అది నేను కాదు తల్లీ," అన్నాడు.

వెర్నెల్ మౌస్ వదిలి అతని వైపు తిరిగింది.

"తలుపు దాకా వెళ్ళాను. లోపల పోలీసుల్ని చూశాను. వెనక్కొచ్చి బస్సు స్టాపులో కూర్చున్నాను. మర్నాడు పత్రికలో ఆ వీపు మీద నాలాంటి గళ్ళ కోటే ఉంది. మా అమ్మ ఆ కాగితాన్ని ముద్దుపెట్టుకుని 'నా కొడుకే' అని ఏడ్చింది. కాదని ఏ నోటితో చెప్పను?"

"మిగతా ముగ్గురూ ఊరుకున్నారా?"

"ఒకళ్ళ పేరు ఒకళ్ళు బయటపెట్టకూడదని బైబిల్ మీద ఒట్టేసుకున్నారట. ఆ ఒట్టుతోనే పోయారు. మిల్లువాళ్ళు మాత్రం ఆ వారమే నన్ను పీకేశారు. ఏళ్ళ తరబడి ఈ చుట్టుపక్కల నాకెవరూ పనివ్వలేదు. చెయ్యని పనికి తిండి పోయింది, చెయ్యని పనికే పేరొచ్చింది."

"అవి అలాంటి రోజులు. మా నానమ్మ ఆ దుకాణం యజమాని ఇంట్లోనే వంట చేసేది. ఆ గొడవ తర్వాత ఎంతమందిని తీసేసినా ఆమెని తియ్యలేదు."

"అదృష్టవంతురాలు," అన్నాడు హొరేస్ మనస్ఫూర్తిగా.

వెర్నెల్ మళ్ళీ తెర వైపు తిరిగింది.

"అందరికన్నా మీ నాన్న ముందే నాకు తల కొట్టేసినట్టుండేది," అన్నాడతను.

వెర్నెల్ తండ్రి క్లియోన్ ఆ తర్వాత కొన్నేళ్ళకి ఏటి అవతలి నుంచి వచ్చి ఊళ్ళో బార్బర్ షాపు పెట్టాడు. చీపురుకట్టంత మీసం ఆయనకి. ఆ ఫోటో షాపు గోడ మీద కూడా ఉండేది.

"బతికున్నన్నాళ్ళూ నా దగ్గర పైసా పుచ్చుకోలేదు. 'నీ దగ్గర తీసుకుంటే దేవుడు నా చెయ్యి విరగ్గొడతాడు' అనేవాడు. నా మెడ మీద కత్తి ఆనించినప్పుడల్లా, ఫోటోలో మెడతో పోల్చి చూస్తాడేమోనని చచ్చేవాణ్ణి. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ చెప్పేద్దామనుకునేవాణ్ణి. మొన్న చలికాలం ఆయన శవపేటిక మోశాను. అప్పుడూ చెప్పలేదు. దొంగ గౌరవం తిన్నాను తల్లీ, సిగ్గుగా ఉంది."

"ఇప్పుడా ముఖం దొరికితే?"

"ఆదివారం మేయరు ముందు వాడి పేరు చెబుతాను. నా పేరు తీసేయమంటాను. దొరక్కపోతే..." హొరేస్ టోపీ అంచు నలిపాడు. "దొరక్కపోతే నోరు మూసుకుని అలాగే చస్తాను. నా ధైర్యం ఏపాటిదో విన్నావుగా."

లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆదివారం విందు చక్కగా జరిగిపోయేది, ముసలాయన ఫలకం మీద అలాగే ఉండిపోయేవాడు. వెర్నెల్ ఆ మాట అనలేదు. తెర మీద వరసగా వచ్చిన చిన్న బొమ్మల్లో వేటినీ చూడకుండా నేరుగా చివరిదాని మీద నొక్కింది.

వంటగది వైపు నుంచి తీసిన ఫోటో. స్టూలు మీద గళ్ళ కోటు కుర్రాడు, రెండు చేతులతో కప్పు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. నున్నటి ముఖం, బెదిరిన కళ్ళు. హొరేస్ కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వంగాడు.

"ఎవరమ్మా ఈ పిల్లాడు? మన ఊరివాడిలా లేడే!"

వెర్నెల్ చూపుడువేలు చాచి, కుర్రాడి పై పెదవి మీద మీసంలా అడ్డంగా ఆనించింది.

"నాన్న కూడా ప్రతిసారీ మీకు చెప్పేద్దామనే అనుకునేవాడు," అంది.