ఎరుపు వదలని పీపా

"చెప్పవయ్యా, ఎలా ఉంది? మీ అన్న దాచిన పీపా కదా, అమృతం కాకపోతే ఇంకేమవుతుంది!"

వదిన ఎదురుగా కూర్చుని అలా అడుగుతుంటే అతను నోట్లోని వైన్‌ను అటూ ఇటూ తిప్పి, తొట్టిలో ఉమ్మాడు. ఆమె సొంత వదినేం కాదు. ఈ వైన్ కంపెనీలో రుచి చూసి నాణ్యం తేల్చే పని అతనికి నేర్పిన గురువు భార్య. గురువును అన్నా అని పిలిచేవాడు కాబట్టి ఆమె వదిన అయింది. ఆ అన్న పోయి నెల తిరగలేదు.

బల్ల మీద తెల్ల కాగితం, దాని మీద వరసగా పోర్ట్ అనే తియ్యటి పాత వైన్ గ్లాసులు. పీపాలో ఏళ్లు గడిచేకొద్దీ ఆ వైన్ ఎరుపు వదిలి బెల్లం పాకం రంగుకు తిరుగుతుంది, అక్రోటు వాసన పడుతుంది. అన్నీ అలాగే ఉన్నాయి. అన్న పీపాలోంచి తీసిన గ్లాసొక్కటే దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది.

"రంగు ఎంత ముద్దుగా ఉందో!" అంది వదిన. "మా బాబు పుట్టిన ఏడు నింపిన పీపా. వాడు ఎలాగూ దక్కలేదు. సీసా మీద మీ అన్న పేరైనా వేయించు నాయనా. నేను చుక్క ముట్టని మనిషిని, వైన్ అంటేనే గిట్టదు. అయినా ఆ సీసా ఆయన ఫోటో పక్కన పెట్టుకుంటా."

అతని నాలుకకు తగిలింది నిన్నమొన్నటి వైన్. పాతదంతా అన్న తోడేసి, కొత్తది నింపి మూత బిగించాడు. తాగాడో, అమ్ముకున్నాడో! దేవుడనుకున్న మనిషి ఇంత పని చేశాడా? విడిగా సీసాకెక్కితే కంపెనీ యజమాని రుచి చూస్తాడు. పోయినవాడికి దొంగ అన్న ముద్ర పడుతుంది. లేత వైన్లలో కలిపేస్తే మూడో కంటికి తెలియదు.

"ఇది విడిగా నిలబడదు వదినా. వేరేవాటిలో కలిపేయాల్సిందే."

"ఏమిటీ! నీకు పని నేర్పిన మనిషి పీపాకే వంక పెడతావా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని ఆయనకు తెలియలేదు పాపం!"

"అది కాదు వదినా..."

"ఇక మాట్లాడకు. మా గడప తొక్కావంటే ఊరుకోను."

లేచి, సంచీలోంచి చీటీ లేని ఖాళీ సీసా తీసి బల్ల మీద టక్కున పెట్టింది.

"బాబు పోయినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మీ అన్న రోజూ రాత్రి ఈ మందు కాస్త పోసి ఇచ్చేవాడు. ఏ కొట్టులో దొరుకుతుందో నిన్నడుగుదామని తెచ్చా. నాదే బుద్ధి తక్కువ."

కొంగుతో కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది. అతనికీ ఏడుపాగలేదు. అన్న మీద కోపంతో ఎర్ర గ్లాసును తొట్టిలో పారబోశాడు. తర్వాత చేతికందిన ఆ మందు సీసా బిరడా తీసి, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అక్రోటు, ఎండిన నారింజ తొక్క, మాడిన పంచదార.

పీపాలోని పాతదంతా అన్న వదినకే పోశాడు.