బుడగల మీద నేరం

"బుడగలొచ్చి కళ్లకడ్డం పడితే పగులెలా కనిపిస్తుంది?" అన్నాడు గజ ఈతగాడు, పొద్దుట్నుంచి మూడోసారి.

పక్కన కూర్చున్న బావమరిది తల దించుకున్నాడు. రేవులో ఓడల అడుగు పరీక్షించి వచ్చేది బావ, అందుకు కావలసిన సామాను కొనేది బావమరిది. పోయిన వారం బావ కిందంతా చూసొచ్చి బాగుందన్న ఓడలోకి రెండ్రోజులకే నీళ్లొచ్చాయి. ఇదేమిటని అడిగితే బావ ఆ నేరాన్ని, నీళ్లలో ఊపిరందించే రెగ్యులేటరు వదిలే బుడగల మీదికి నెట్టేశాడు. రేవు ఆఫీసువాళ్లు అంతటితో ఊరుకోలేదు. మంచి రెగ్యులేటరు పెట్టుకుని చూడండి, దానితో చూపు బాగుంటే తప్పు పాతది కొన్నవాడిదే, సాయంత్రంలోగా ఆ ముక్క రాసివ్వండి, వాణ్ణి ఇంటికి పంపేస్తాం అన్నారు. అందుకే ఇద్దరూ డైవింగ్ సామాన్ల షాపు వెనకగదిలో, రెండు నిలువుల లోతున్న తొట్టె పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

ఆ పాతదాన్ని కొన్నరోజు పళ్లతో కరిచి చూసి బ్రహ్మాండం అన్నది బావే. బావమరిది ఆ సంగతి ఆఫీసులో ఎత్తలేదు. ఎత్తనందుకే గజ ఈతగాడికి వాడి మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది.

అసలు సంగతి ఆరునెలలుగా అతనొక్కడికే తెలుసు. నీళ్లలో ఉన్నా ఒడ్డున ఉన్నా, చేయి చాపినంత దూరం దాటితే అంతా మసకే. చెప్తే ఇక నీళ్లలోకి దింపరని ఇంట్లో కూడా దాచాడు.

షాపావిడ రెండు రెగ్యులేటర్లు పట్టుకొచ్చింది. నోట్లో కరిచే ముక్క కింద, అటూ ఇటూ చాచి ఉన్న రబ్బరు చూపించింది. "వదిలిన గాలి ఈ మీసాల్లోంచి పోతుందండీ. మీసం పొట్టిదైతే బుడగలు కళ్ల ముందు నుంచే లేస్తాయి. పొడుగుదైతే చెవుల పక్కనుంచి పోతాయి. కాకపోతే కాస్త బరువు, దవడ లాగుతుంది. రెండూ వేసుకుని దిగి చూడండి."

"అయితే మా బావకి సొంత మీసం చాలదన్నమాట," అన్నాడు బావమరిది, అంత దిగుల్లోనూ.

వాళ్లకంటే ముందొచ్చిన అమ్మాయి ఒకతె అప్పుడే తొట్టెలోంచి తల పైకెత్తింది. నీళ్ల అడుగున వేలాడదీసిన అక్షరాల బల్లని చదివానంటూ "గ, ట, ప, మ, స. ఒక్కటీ తప్పిపోలేదు," అని, పొడుగు మీసందే కొనుక్కుని వెళ్లిపోయింది. గజ ఈతగాడు ఆ అయిదింటినీ లోలోపల రెండుసార్లు వల్లె వేసుకున్నాడు. ఎందుకని తననితాను అడగలేదు.

ముందు పొట్టి మీసంతో దిగాడు. ఊపిరి వదిలినప్పుడల్లా బుడగలు కళ్లకి పెట్టుకున్న అద్దం మీదుగా బిలబిలమంటూ లేచాయి. వాటి సందుల్లోంచి ఎదురుగా ఏదో తెల్లగా అలికినట్టు కనిపించింది. పైకొచ్చి, దీంతో లాభం లేదన్నాడు.

బెంచీ మీద కూర్చుని, వంగి, అద్దంలో చేరిన నీళ్లు ఒంపుకుంటున్నాడు. తొట్టె అంచున షాపావిడా బావమరిదీ ఏదో చేస్తూ మాట్లాడుకుంటున్నారు. చెవుల మీద రబ్బరు టోపీ ఉండటంతో ఒక్క ముక్కా వినపడలేదు. తల ఎత్తేసరికి ఎదురుగోడ మేకుకి తెల్ల మీద నల్లచారల తువ్వాలొకటి తగిలించి ఉంది. తన కోసమే కాబోలనుకున్నాడు.

తర్వాత పొడుగు మీసంతో దిగాడు. ఆవిడ చెప్పింది నిజమే. బుడగలు చెవుల పక్కనుంచి బుద్ధిగా పోతున్నాయి. ముందంతా ఖాళీ. మరీ ఖాళీ. ఇందాకటి తెల్లదనం కూడా లేదు, ఎటు చూసినా నీలమే. ఊపిరి పీల్చి చూశాడు, వదిలి చూశాడు. కళ్లు ఇంత పాడయ్యాయా అనుకున్నాడు. ఇప్పుడిక నెపం వెయ్యడానికి బుడగలైనా లేవు.

పైకెళ్లి ఏమీ కనబడలేదంటే ముప్ఫై ఏళ్ల పేరు ఈ గదిలోనే పోతుంది. కనబడిందంటే బావమరిది నోటికాడ కూడు పోతుంది. మెట్లెక్కుతున్నంతసేపూ నిజమే చెప్పేద్దామనుకున్నాడు. పైకొచ్చి టోపీ తీశాడు.

"ఎలా ఉంది బావా?"

"బ్రహ్మాండంగా ఉంది. గ, ట, ప, మ, స."

షాపావిడ ఏదో అనబోయి, బావమరిది వైపు చూసి మానుకుంది.

"మరోసారి చెప్పండి బావా," అన్నాడు బావమరిది నెమ్మదిగా.

మరోసారి చెప్పాడు. ఈసారి నాలుక తడబడింది. బావమరిది ఆఫీసుకివ్వాల్సిన కాగితం తీసి, పెన్ను ఆనించి, ఏమీ రాయకుండానే మూత పెట్టేశాడు. ఉద్యోగం ఊడినందుకు వాడికి చెయ్యాడటం లేదనుకున్నాడు గజ ఈతగాడు. అది తన నోటితోనే ఊడగొట్టాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తడి మొహం కాబట్టి ఎవరికీ తెలియకపోవచ్చు, అయినా దాచుకోవాలి.

"అలా చూస్తావేంరా," అన్నాడు గదమాయిస్తూ. "ఆ గోడకున్న తువ్వాలు ఇలా అందుకో."

బావమరిది లేచి వెళ్లాడు. మేకుకున్నది తీసి తెచ్చి బావ చేతుల్లో పెట్టాడు.

మొహం తుడుచుకోబోతే ముక్కుకి గట్టిగా తగిలింది. అప్పుడు కనిపించింది, తాడు తెగేలా ఉందని ఇందాకే నీళ్లలోంచి తీసి ఆరేసిన అక్షరాల బల్ల.